బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కెమెరా మిత్రులు: ఈమధ్య ఏం తీస్తున్నారు?

పట్టువీధి, బరంపురం

అందరికీ నమస్కారం. చిలికా పక్షులు, గోపాలపూర్ సూర్యోదయం, దేవమాలి కొండమీద మబ్బులు. మనవైపు ఫోటోలంటే ఇవే తిరుగుతున్నాయి. బాగుంటాయి, కాదనను. కానీ ఉద్యోగం, పిల్లల స్కూలు, ఇంట్లో పనులు ఉన్నవాళ్ళకి అవి ఏడాదికోసారి కుదిరే సంగతులు. మిగతా రోజుల్లో ఎవరు ఏం తీస్తున్నారో తెలుసుకుందామని ఈ చర్చ మొదలుపెట్టాను.

నేనైతే మా వీధి దాటట్లేదు. పక్కింట్లో గుంట మగ్గం ఉంది. అక్కడ నేసే పెద్దాయన్ని మావయ్యా అని పిలుస్తాను. ఆఫీసుకి వెళ్ళేముందు కాసేపు అక్కడ కూర్చుంటాను. కెమెరా పాతదే, దానికి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు. మగ్గం గదికి ఒక్క తలుపు, ఒక చిన్న కిటికీ. పైన ఎల్ఈడీ ట్యూబు. ఆ ట్యూబు వెలుగులో షట్టర్ వేగం పెంచితే ఫోటో మీద అడ్డంగా నల్లచారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవకరకం లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. సెకనులో 1/100కో 1/50కో దింపితే చారలు పోతాయి. అసలైన మందు మాత్రం ట్యూబు ఆపెయ్యడమే. తలుపులోంచి పక్కవాటుగా వచ్చే వెలుగులో పట్టు ఎలా మెరుస్తుందో చూస్తే మళ్ళీ లైటు వెయ్యబుద్ధి కాదు.

ఇప్పుడు నాడె మీద పడ్డాను, అదే, నిలువు పడుగు దారాల మధ్య అడ్డదారాన్ని అటూ ఇటూ మోసుకెళ్ళేది. 1/15 దగ్గర పెడితే నాడె ఒక తెల్లటి గీతలా సాగిపోతుంది, పడుగు దారాలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా కదలకుండా ఉంటాయి. మావయ్యకి ఇవేవీ నచ్చలేదు. "ఈ మసక ఎవడికి కావాలిరా, అంచు తియ్యి, కుంభాలు కనపడాలి" అంటారు. కుంభాలంటే అంచులో నేసే గుడి గోపురాల్లాంటి బొమ్మలు. బరంపురం పట్టుకి 2012లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకు అని ప్రభుత్వం ఇచ్చే ముద్ర) వచ్చింది ఆ కుంభాల అంచున్న చీరకే కదా, ఆయన బాధ ఆయనది. సరే, రెండు రకాలూ తీస్తున్నాను.

మీ సంగతులు చెప్పండి.

గాలివాటం, గోపాలపూర్

మంచి పని చేశారు అన్నా. నాదీ ఇంటి ముందరి పనే, కాకపోతే మా ఇంటి ముందు సముద్రం ఉంది.

పొద్దున్నే అలివి వల లాగుతుంటారు మావాళ్ళు. ఒడియావాళ్ళు మమ్మల్ని నోలియాలంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. బయటినుంచి వచ్చినవాళ్ళు వల ఒడ్డుకి చేరాక, చేపలు ఎగురుతున్నప్పుడు గుంపుగా మీదపడి తీస్తారు. నాకు ఆసక్తి అంతకు ముందరి గంట మీద. రెండు కొసల దగ్గరా మనుషులు వరసగా నిలబడి వెనక్కి నడుస్తూ లాగుతారు. అందరికంటే వెనకున్నాయన తాడు వదిలేసి మళ్ళీ ముందుకొచ్చి, నీళ్ళ అంచున తాడు అందుకుంటాడు. ఆ వదిలేసి ముందుకి నడిచే కాసేపే అతనికి విశ్రాంతి. కొందరు నడుము పట్టుకుంటారు, కొందరు బీడీ వెలిగిస్తారు, ఒకడు మొబైల్ చూసుకుంటాడు. నేను తీసేది ఆ నడకనే, తాడు పట్టుకోని చేతుల్ని.

కెమెరా సంగతి: అలల తుంపరలో ఉప్పుంటుంది, అది లెన్సు మీద ఎండితే గుడ్డతో రుద్దకండి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత కాస్త తడిగుడ్డతో అద్దాలి. ఇసుకలో లెన్సు మార్చొద్దు. వానాకాలం మన తీరంలో ఫంగస్ పట్టని లెన్సు ఉండదు. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, అంతకుమించి ఖర్చు అక్కర్లేదు. రంగు మారినప్పుడల్లా జెల్‌ని పెనం మీద సన్నసెగన వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. లెదర్ కవరులో మాత్రం దాచకండి, అది తేమని పట్టి ఉంచుతుంది.

నౌపడలైను, పర్లాకిమిడి

పట్టువీధి గారూ, నాడె ఫోటో ఇక్కడ పెట్టండి సార్, చూడాలని ఉంది.

నేను రిటైరయ్యాక కెమెరా పట్టినవాణ్ణి. నా పని ఒక్కటే, మా చిన్న రైలు. ఇప్పటి పిల్లలకి తెలీదు గానీ నౌపడ నుంచి పర్లాకిమిడికి మా రాజావారు వేయించిన లైను 1900లో నడిచింది. గుణుపురం దాకా సాగింది 1931లో. రెండున్నర అడుగుల గేజి. 2004లో ఆపేశారు, తర్వాత బ్రాడ్‌గేజి వేశారు. ఇప్పుడొచ్చేది పెద్ద రైలే, సుఖమే. కానీ ఆ చిన్నదానిలో వంశధార ఒడ్డున పోతుంటే దిగి నడిచి మళ్ళీ ఎక్కొచ్చు అనేవారు మా నాన్నగారు. అది కాస్త ఎక్కువచేసి చెప్పడమే అనుకోండి.

బండి ఎలాగూ లేదు, కాబట్టి అది ఎక్కినవాళ్ళని తీస్తున్నాను. ఒక్కొక్కరినీ వాళ్ళ గుమ్మంలోనే కూర్చోబెట్టి, ఆ రోజుల వస్తువు ఏదైనా ఉంటే చేతిలో పట్టుకోమంటాను. ఒకావిడ అట్ట టికెట్టు ముక్క తెచ్చింది, మూల కత్తిరించి ఉంది. ఒకాయన రైల్వేలో పనిచేసినవాడు, చేతిలో ఏమీ లేదు. పట్టా మీద చెవి ఆనించి వినే తీరు చేసి చూపించాడు, నేల మీద పడుకుని మరీ. అదే తీశాను.

ఒక్కమాట కుర్రాళ్ళకి. పట్టాల మధ్య నిలబడి ఫోటోలు దిగడం, తియ్యడం మానండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద కేసు పెడతారు. అది చిన్న సంగతి, ప్రాణం పెద్ద సంగతి.

టీచరమ్మ, ఇచ్ఛాపురం

నేను సరిహద్దుకి ఇటువైపు దాన్ని, అయినా నెలకు నాలుగుసార్లు బరంపురంలోనే ఉంటాను కాబట్టి రానివ్వండి.

నా దగ్గర కెమెరా లేదు, ఫోనే. మా బడి పిల్లలతో ఒక ఆట నడుపుతున్నాను. వారానికి ఒక రంగు. ఈ వారం ఎరుపైతే ఎరుపు కనపడిన చోట ఒక్క ఫోటో, ఒక్కటే, తియ్యాలి. ఇంట్లోవాళ్ళ ఫోను అడిగి తీసుకోవాలి కాబట్టి ఎక్కువ తియ్యడానికి కుదరదు, అది మంచిదైంది. ఎరుపు వారంలో మిరపకాయలు, గ్యాస్ బండలు, బొట్టుబిళ్ళలు వచ్చాయి. ఒక పిల్లవాడు వాళ్ళ నాయనమ్మ నోరు తీశాడు, తాంబూలం వేసుకుని నవ్వుతున్నప్పుడు. దాన్ని మించింది ఇంకా రాలేదు.

వానాకాలంలో తేలుకుంచి తీసుకెళ్తాను. అక్కడ చింతచెట్ల నిండా నత్తగుల్ల కొంగలు గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటి జోలికి పోరు, ఎవరినీ పోనివ్వరు. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది చూశారా, నత్తల్ని పట్టి లాగడానికి. ఫోనుకి ఆ సందు అందదు. అందుకని పిల్లల్ని చెట్టు మొత్తం తియ్యమంటాను, కింద రెట్టతో తెల్లబడ్డ ఇంటికప్పులతో సహా. తెల్ల పక్షి ముదురు ఆకుల మధ్య ఉంటే ఫోను కంగారుపడి పక్షిని తెల్లటి మచ్చ చేసేస్తుంది. పక్షి మీద వేలు నొక్కిపట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగితే ఈకలు కనపడతాయి.

గాలివాటం, గోపాలపూర్

నాయనమ్మ నోరు ఫోటో చూపించకపోతే ఊరుకోం మేడమ్.

టీచరమ్మ, ఇచ్ఛాపురం

ఆవిడని అడిగి చెప్తాను బాబూ. పళ్ళు లేవని మొహమాటం ఆవిడకి.

లోయదారి, రాయగడ

బాగుంది చర్చ. మా వైపూ రండి అందరూ. బుధవారం చాటికోన సంత చూశారా? బిసంకటకం దగ్గర. నియమగిరి నుంచి డొంగరియా కోందులు దిగుతారు. ఆడవాళ్ళ తలలో వరసగా పిన్నులు, ముక్కుకి మూడేసి పోగులు, కుట్టుపని చేసిన శాలువాలు. ముఖాలు అద్భుతంగా ఉంటాయి. 70–200 లెన్సుతో దూరంగా నిలబడితే వాళ్ళకి తెలీకుండా ఎన్నయినా తియ్యొచ్చు. పొద్దున తొందరగా రండి, మధ్యాహ్నానికి ఖాళీ అయిపోతుంది.

కొండగాలి, గుణుపురం

లోయదారి తమ్ముడూ, కోప్పడుతున్నాననుకోకు. "వాళ్ళకి తెలీకుండా" అన్నమాట దగ్గర ఆగిపోయాను.

నా ఉద్యోగం ఊళ్ళు తిరిగేది, వైద్యం వైపు. సంతరోజుల్లో ఆ ఆడవాళ్ళతో కూర్చుంటాను. వాళ్ళు చీకటితో బయల్దేరి అల్లం, పసుపు, పనస, ఏ కాలానికి ఏది పండితే అది నెత్తిన పెట్టుకుని దిగుతారు. రెండు మూడు గంటల్లో అమ్ముకుని, ఉప్పూ నూనే కొనుక్కుని మళ్ళీ కొండెక్కాలి. ఆ రెండు మూడు గంటల్లో ఎదురుగా ఐదుగురు కెమెరావాళ్ళు నిలబడితే కొనేవాడు ఎక్కడ నిలబడతాడు? పోయినసారి ఒక ఆవిడ బుట్ట అడ్డంపెట్టుకుని ముఖం దాచుకుంది. ఫోటోగ్రాఫరు ఆ దాచుకోవడాన్ని కూడా తీశాడు.

ఇంకోటి. డొంగరియాలు, బోండాలు, మన లాంజియా సవరలు, వీళ్ళంతా ప్రభుత్వం లెక్కలో ప్రత్యేకంగా రక్షణ ఇవ్వాల్సిన తెగలు. వాళ్ళ ఊళ్ళలోకి వెళ్ళి ఫోటోలు తియ్యడానికి ఒడిశాలో ఆంక్షలున్నాయి, జిల్లా అధికారుల అనుమతి అడగాలి. సంత రోడ్డు మీద ఉంది కదా అని అది పోదు.

లోయదారి, రాయగడ

అక్కా, నేనూ ఇక్కడ పుట్టినవాణ్ణే. టూరిస్టుని కాదు. దూరం నుంచి తీస్తే వాళ్ళ పనికి అడ్డం రాము కదా అన్న ఉద్దేశంతో అన్నాను. దగ్గరికెళ్ళి అడిగితే డబ్బులంటారు. డబ్బులిస్తే రేపటి నుంచి అందరికీ రేటు పెట్టేస్తారు. ఇవ్వకపోతే పిసినారి అంటారు. ఏం చెయ్యమంటారు?

కొండగాలి, గుణుపురం

రేటు పెడితే తప్పేముంది? ముఖం వాళ్ళది. నువ్వు పెళ్ళి ఫోటోలకి డబ్బు తీసుకోవా?

గాలివాటం, గోపాలపూర్

డబ్బు మాటకి నేను ఒప్పుకోను అక్కా. మా ఒడ్డున అది మొదలైతే ఏమైందో చూశాను. వల లాగే కుర్రాళ్ళు ఫోటోల కోసం లాగినట్టు నటించడం మొదలెట్టారు. నిజంగా లాగేవాళ్ళకి చికాకు. అడగాలి, వద్దంటే కెమెరా దించాలి, అక్కడిదాకా ఒప్పుకుంటాను.

పట్టువీధి, బరంపురం

నా అనుభవంలో డబ్బు కంటే ప్రింటు పనిచేస్తుంది. 4×6 ప్రింటు పదీ పదిహేను రూపాయల్లో అయిపోతుంది. మావయ్యకి ఆయన చేతుల ఫోటో ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన ఏమీ అనలేదు, గోడకి మేకు కొట్టి తగిలించారు. ఆ తర్వాత ఆయన తమ్ముడు పిలిచి వాళ్ళింటి మగ్గం కూడా చూపించాడు. వాట్సాప్‌లో పంపితే ఇలా జరగదు. నలభై ఫోటోల కింద అది పోతుంది.

కొండగాలి, గుణుపురం

ప్రింటు మంచిదే. చాటికోనలో ఇవ్వాలంటే వచ్చే బుధవారం మళ్ళీ అదే మనిషిని వెతకాలి. ఆ మాట మీద నిలబడేవాళ్ళు తక్కువ. "పంపిస్తాం అన్నారు, రాలేదు" అని నాతో అన్నవాళ్ళున్నారు. ముందు బుట్టలో సరుకు కొనండి. అల్లం ఎలా మోసుకొచ్చారో అడగండి, భాష రాకపోతే ఊరికే పక్కన కూర్చోండి. ముఖమే ఎందుకు? ఆ శాలువా కుట్టు చూడండి, కప్డాగండా అంటారు. 2024లో దానికి జీఐ వచ్చింది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ దారాలతో త్రికోణాలు, గీతలు.  అది చేతిలోకి తీసుకుని చూడమని వాళ్ళే ఇస్తారు.

నౌపడలైను, పర్లాకిమిడి

అమ్మా, చాలా విలువైన మాట చెప్పారు. లోయదారి నాయనా, నీ దగ్గరున్న ఫోటోల్లోంచి నాలుగు ప్రింట్లు తీసి వచ్చే బుధవారం పట్టుకెళ్ళు. ఏం జరిగిందో ఇక్కడే రాయి.

లోయదారి, రాయగడ

సరే మాస్టారూ. ఎవరు దొరుకుతారో చూస్తా. కానీ డబ్బు గురించి అక్క చెప్పింది నాకింకా ఎక్కలేదు.

కొత్తసభ్యుడు, బరంపురం

నమస్తే. నేను కాలేజీలో చదువుతున్నాను, మొదటి కెమెరా కొన్నాను. ఠాకురాణి యాత్ర వచ్చినప్పుడు బాగా తియ్యాలని. ఏ లెన్సు కావాలి?

పట్టువీధి, బరంపురం

తమ్ముడూ, లెన్సు సంగతి తర్వాత. యాత్ర రెండేళ్ళకోసారి, చైత్రంలో, అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు దేశిబెహరా వీధికి వస్తుంది. రాత్రి ఘటం ఊరేగింపులో నీకు అడుగు పెట్టే చోటు దొరకదు. అక్కడ ఏ లెన్సున్నా వేరేవాళ్ళ చేతులూ ఫోన్లే పడతాయి. పగలు వెళ్ళు. పులివేషం వేసేవాళ్ళ ఇళ్ళకి. ఒంటికంతా పసుపురంగు పూసి, అది ఆరాక నల్లచారలు దిద్దుతారు. రంగు ఆరేదాకా చేతులు ఒంటికి ఆనకుండా చాపుకుని నిలబడాలి. దాహమేస్తే ఎవరో గ్లాసు నోటికి పట్టాలి. పెద్ద పులి చెల్లెలి చేత నీళ్ళు తాగించుకుంటుంటే తియ్యి. నీ దగ్గర కెమెరాతో వచ్చిన 18–55 దానికి చాలు, కిటికీ పక్కన నిలబెట్టమను. మొక్కుకుని వేషం కట్టేవాళ్ళూ ఉంటారు, అందుకని ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు.

కొత్తసభ్యుడు, బరంపురం

థాంక్యూ అన్నా. యాత్ర లేని రోజుల్లో ఏం తియ్యమంటారు?

టీచరమ్మ, ఇచ్ఛాపురం

మీ ఇంట్లో పాత ఫోటోలున్నాయా బాబూ?

కొత్తసభ్యుడు, బరంపురం

ఉన్నాయి మేడమ్. మా తాతగారి నాన్న రంగంలో, అంటే బర్మా రంగూన్‌లో, పనిచేశారట. అక్కడి స్టూడియోలో కోటు వేసుకుని దిగిన ఫోటో ఒకటి ఉంది. కానీ 2013 ఫైలిన్ తుఫానులో ఇంట్లోకి నీళ్ళొచ్చి తడిసిపోయింది. ఇప్పుడు ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. పీకితే చెయ్యి వైపు ఊడొస్తోంది.

టీచరమ్మ, ఇచ్ఛాపురం

ఇంక పీకొద్దు! అలాగే వదిలెయ్యి. అద్దంతో సహా ఫోటో తియ్యడానికి దారుంది. మిగతా సంగతులు నౌపడలైను గారు చెప్తారు, ఆయన ఇలాంటివి చేశారు.

నౌపడలైను, పర్లాకిమిడి

అవును, చిన్న రైలు పనిలో సగం ఇదే. చెప్తాను, నిదానంగా చదువు.

ఫ్రేము వెనక మేకులు తీసి చెక్కముక్క వేరు చెయ్యి, అద్దాన్నీ ఫోటోనీ మాత్రం కలిపే ఉంచు. అద్దం బయటివైపు మాత్రమే కాస్త తడిగుడ్డతో తుడువు, అంచుల దగ్గర తడి లోపలికి పోకూడదు. బల్లమీద పడుకోబెట్టు. కెమెరాని ట్రైపాడ్‌కి పెట్టి నిట్టనిలువుగా కిందికి చూపించు, ఏ మాత్రం వాలినా ఫోటో నాలుగు మూలలూ సమంగా రావు. రెండు ఒకేరకం బల్బులు, చెరొకవైపు, బల్లకి 45 డిగ్రీల వాలులో. గదిలో మిగతా లైట్లన్నీ ఆపు, ఫ్లాష్ అసలు వద్దు. ఇప్పుడు అద్దంలో నీ కెమెరా నీడ కనపడుతుంది. ఒక నల్లగుడ్డకి లెన్సు పట్టేంత బెజ్జం చేసి అందులోంచి లెన్సు బయటపెట్టు. ఆ నీడ పోతుంది. ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100, రెండు సెకన్ల టైమరు. నొక్కేటప్పుడు చెయ్యి తగిలితే కదులుతుంది, అందుకు టైమరు.

రంగులో తియ్యి, నలుపుతెలుపులో కాదు. పసుపు మరకలు ఏవో, అసలు బొమ్మ ఏదో తర్వాత వేరుచేసుకోవడానికి రంగు పనికొస్తుంది. వెనక అట్టమీద స్టూడియో ముద్ర గానీ చేతిరాత గానీ ఉంటే అదీ తియ్యి. నీకు ఇప్పుడు చదవడానికి రాకపోయినా సరే.

కొత్తసభ్యుడు, బరంపురం

వెనక ఏదో రాసి ఉంది సార్. తెలుగే, కానీ గొలుసుకట్టు. మా నాన్న కూడా చదవలేకపోయారు.

నౌపడలైను, పర్లాకిమిడి

పెట్టు. నేను చూస్తాను. మా నాన్నగారి దస్తావేజులన్నీ ఆ రాతే.

గాలివాటం, గోపాలపూర్

మధ్యలో ఒక మనవి. ఫిబ్రవరి, మార్చిలో రుషికుల్య దగ్గర తాబేళ్ళు వస్తే దయచేసి ఫ్లాష్ కొట్టొద్దు. 2025లో ఆరు లక్షలకి పైగా వచ్చాయి, జనమూ అలాగే వచ్చారు. గుడ్లుపెట్టడానికి ఒడ్డెక్కే తాబేలు వెలుగు చూస్తే వెనక్కి తిరిగిపోతుంది. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాక అవి వెలుగు ఎటుంటే అటే పాకుతాయి, మన టార్చి వెలుగుకి రోడ్డువైపు వస్తాయి. పొదంపేట, పురుణబంధ కుర్రాళ్ళు రాత్రంతా వాటిని ఏరి నీళ్ళవైపు వదులుతుంటారు. ఫోటో కావాలంటే తెల్లారాక రండి, ఒక్కోసారి ఎండెక్కేదాకా గుడ్లుపెడుతూనే ఉంటాయి. అటవీశాఖవాళ్ళు నిలబడమన్న చోట నిలబడండి. లేదా ఆ కుర్రాళ్ళని తియ్యండి. బకెట్టు పట్టుకుని నిద్రకళ్ళతో ఉంటారు, వాళ్ళ ఫోటోలు నేనింతవరకూ ఎక్కడా చూడలేదు.

పట్టువీధి, బరంపురం

మంచి మాట. సరే, ఒక ఆదివారం అందరం కలుద్దామా? బరంపురం అయితే రైలుకి అందరికీ వీలు. ఎక్కడికీ ఫోటోలు తియ్యడానికి వెళ్ళొద్దు, ఒక్కొక్కరు ఐదు ప్రింట్లు తెండి. బల్లమీద పరిచి మాట్లాడుకుందాం. ఫోన్లలో చూపించడం వద్దు.

కొండగాలి, గుణుపురం

నేను ఫోటోలు తియ్యను గానీ వస్తాను. చూసేవాళ్ళూ ఉండాలి కదా.

లోయదారి, రాయగడ

అక్కా మీరొస్తే డబ్బు గొడవ అక్కడ తేల్చుకుందాం. నేను చాటికోనవి తెస్తాను, ఇచ్చినవాటికి రెండో కాపీలు.

కొత్తసభ్యుడు, బరంపురం

నేనూ వస్తాను. ఒక చిన్న సాయం. నా 18–55 లెన్సు మూత పోయింది, ఎవరి దగ్గరైనా అదనంగా ఉందా?

గాలివాటం, గోపాలపూర్

అన్ని 18–55లూ ఒక సైజు కాదు తమ్ముడూ. లెన్సు ముందు అంచు మీద, సున్నాకి అడ్డగీత గీసినట్టు ఒక గుర్తు, దాని పక్కన అంకె ఉంటుంది. అది చూసి చెప్పు. 58 అయితే నా దగ్గరుంది, ఆదివారం తెస్తాను. 52 అయితే నౌపడలైను మాస్టార్ని అడుగు.